నీలం డబ్బా కనబడితే తేరుకునే వాగు

నీళ్లను పరీక్షించే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలకు, పుస్తకాల్లో ఎవరూ రాయని సంగతి ఒకటి ముందే చెబుతాను. మీరు వస్తున్నట్టు నీళ్లకు ముందే తెలుస్తుంది. ఎట్లా తెలుస్తుందని అడగకండి. నా సర్వీసులో మంచి భాగం ఆ ప్రశ్నతోనే గడిచింది. జవాబు దొరికేసరికి రిటైరయ్యే వయసు వచ్చింది.

మాది వరంగల్లో ఒక ప్రభుత్వ ఆఫీసు. పేరు చెప్పను. చెప్పినా అటువంటిది ఒకటుందని మీరు నమ్మరు. పని మాత్రం తేలిక. వాగుల్లో, చెరువుల్లో నీళ్లు సీసాల్లో పట్టి, ఐసు వేసిన నీలం రంగు డబ్బాలో పెట్టి, ఆఫీసుకు తెచ్చి, అవి ఎంత చెడిపోయాయో కాగితం మీద రాయడం. నీళ్లను బాగుచేయడం మా పని కాదు, వేరే ఆఫీసు పని. ఆ ఆఫీసు వాళ్లు అది మా పని అనుకునేవాళ్లు. ఇందువల్ల రెండు ఆఫీసులూ ఎప్పుడూ గొడవ పడలేదు.

నేను ఎమ్మెస్సీ చేసి ఇందులో చేరినప్పుడు మా నాయన ఊళ్లో అందరికీ "మావోడు నీళ్ల డాక్టరు" అని చెప్పుకున్నాడు. చేసేది పోస్టుమార్టమని చెప్పి ఆయన సంతోషం చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను.

రిటైర్మెంటుకు కొన్నేళ్ల ముందు సంగతి ఇది. ఒకరోజు పొద్దున ఆఫీసు తలుపులు తీయగానే ఒక పాస్టర్ గారు వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో కూల్‌డ్రింకు సీసా, సీసా నిండా టీ రంగులో ఏదో ఉంది. మా డ్రైవర్ మర్యాద తెలిసిన మనిషి. లోపలికి పోయి గ్లాసులు పట్టుకొచ్చాడు.

"తాగేటియి కాదన్నా!" అన్నారు పాస్టర్ గారు కంగారుగా. "మా వాగు నీళ్లు."

మూత తీశాను. కుండలో మరిచిపోయిన గంజి వాసన గుప్పుమన్నది. డ్రైవర్ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు.

పాస్టర్ గారిది హైదరాబాదు రోడ్డు మీద రఘునాథపల్లి దిక్కు పోతూ లోపలికి తిరిగితే వచ్చే ఊళ్లలో ఒకటి. రేకుల కప్పు చర్చి, చిన్న సంఘం. చర్చి వెనక ఒక వాగు, వాగులో ఒక వంపు, వంపులో నడుము లోతు మడుగు. బాప్తిస్మం తీసుకోదలచిన వాళ్లను ఆయన ఆ మడుగులోనే ముంచి లేపేవారు. ఆయన కంటే ముందున్న పాస్టర్లూ అంతే. ఇంతలో వాగుకు ఎగువన ఒక బాయిల్డ్ రైస్ మిల్లు వచ్చింది. వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, మిగిలిన నీళ్లను పైపు పెట్టి వాగులోకి వదులుతున్నారు.

"పోయినేడు మునిగినోళ్లలో ఒకాయనకు పాపాలు పోయినయో లేదో గని, ఒంటినిండ దద్దుర్లయితే వచ్చినయి సార్" అన్నారు పాస్టర్ గారు. "అప్పుడే మొక్కుకున్న. నీళ్లు మంచియని సర్కారు మనిషి చెప్పేదాక ఎవ్వర్నీ ముంచనని."

"మరి ఇప్పుడు తొందరేమొచ్చింది?"

"అవ్వ ఒకామె ఉన్నది సార్."

ఆ అవ్వ పత్తి ఏరే కూలికి పోయి బతికిన మనిషట. ఎన్నో ఏళ్లుగా ప్రతి ఆదివారం చర్చికి వచ్చి ముందు వరసలో కూర్చునేది గానీ, బాప్తిస్మం మాటెత్తితే "ఇంకా జర ఆగుండ్రి అయ్యగారూ" అనేది. కారణం, ఆమె తోటికోడలు. బాప్తిస్మం తీసుకున్న మనిషి నోరు అదుపులో పెట్టుకోవాలి. తోటికోడలిని తిట్టవలసిన తిట్లు చాలా మిగిలి ఉన్నాయి. ఈ మధ్య ఆ తోటికోడలు పోయింది. దినాలైన మర్నాడే అవ్వ పాస్టర్ గారి గుమ్మంలో నిలబడి, తిట్లు అయిపోయాయి, ఇక ముంచమన్నది.

"టౌన్ల పెద్ద చర్చి ఉంది సార్. నీలం టైల్స్ ఏసిన తొట్టి. ఆడికి తోల్కపోత అన్న. 'తొట్ల నానబెట్టెటానికి నేనేమన్న బట్టనా?' అన్నది. ఆ వాగులనే కావాలంటది. ఆమె పెనిమిటి గూడ ఆడనే బాప్తిస్మం తీసుకున్నడు. ఆమెకా గుండె బాగలేదు, డాక్టర్లు ఏ రోజు ఏమైతదో అన్నరు. మొక్కు ఒక దిక్కు, అవ్వ ఒక దిక్కు. నడిమిట్ల నేను."

ఆయన్ని వెంటబెట్టుకుని మా పెద్ద సార్ దగ్గరికి వెళ్లాను. పెద్ద సార్ మంచివాడు. ఏ ఫైలునూ బాధపెట్టేవాడు కాదు. విషయం విని, ఫారం తీసి చూశారు. నీళ్లు దేనికి పనికొస్తాయో రాయడానికి అందులో గళ్లుంటాయి: తాగడానికి, స్నానానికి, చేపలకు, పంటలకు.

"బాప్తిస్మం గడి లేదయ్యా" అన్నారు.

"స్నానం కింద వేద్దాం సార్."

పెద్ద సార్ ఆలోచించి పాస్టర్ గారిని అడిగారు. "సబ్బు వాడతారా?"

"వాడం సార్."

"అయితే స్నానం ఎట్లా అవుతుంది? ఎంతసేపు ముంచుతారు?"

"ఇట్ల ముంచి అట్ల లేపుతం సార్."

"అంత తక్కువ సేపటికి మనకు ప్రమాణాలు లేవు" అన్నారు పెద్ద సార్ విచారంగా. కాసేపు పంటల గడి గురించి కూడా చర్చ జరిగింది. చివరికి అవ్వను స్నానం గడిలోనే చేర్చాము.

పద్ధతి ప్రకారం పంచాయతీకి ముందుగా సమాచారం పంపాము. పంచాయతీ సెక్రటరీ కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉత్సాహవంతుడు. అధికారులు రావడమంటే ఏం చేయాలో అతనికి తెలుసు. మేము జీపు దిగేసరికి రోడ్డు దగ్గర్నుంచి వాగు దాకా దారికి రెండు వైపులా బ్లీచింగ్ పౌడర్ గీతలు తెల్లగా మెరుస్తున్నాయి, మంత్రిగారు వచ్చినట్టు. గీతలు వాగు ఒడ్డున ఆగిపోలేదు. నీళ్లలోకి దిగాయి.

"వాగుల గూడ వేయించినం సార్" అన్నాడు సెక్రటరీ. "బస్తాలకు బస్తాలు. జరంత మురికి గూడ ఉండొద్దని."

మడుగులో చిన్న చేపలు కొన్ని వెల్లకిలా తేలుతున్నాయి.

"చేపలు గూడ ఉన్నయ్ సార్, రాసుకోండ్రి" అన్నాడు.

మిల్లు పైపు ఎండి ఉంది. ఇవాళ సెలవన్నారు. ముక్కు మూసుకుని సీసాలు నింపాను. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూడటానికి ఒడ్డునే రెండు మందులు కలుపుతాము. ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమ రంగు మడ్డి కడుతుంది, లేకపోతే తెల్లగా. ఆ రోజు కట్టిన గోధుమ రంగు చిక్కటి కాఫీలా ఉంది. క్లోరిన్ కలిసిన నీళ్లలో ఆ పరీక్ష అబద్ధం చెబుతుంది. ఆ తప్పు పరీక్షది కాదు. సాక్షి తాగి ఉన్నాడు.

ఒడ్డు మీద ఒక ముసలామె గొంతుకూచుని నన్నే చూస్తోంది. చెవులకు పాత గంటీలు, ముక్కు మీద కొంగు.

"నువ్వేనా బిడ్డా, నా నీళ్లు సూసెటోనివి?"

"నేనే అవ్వా."

"ఎట్లున్నయి?"

"శుభ్రంగా ఉన్నాయి. కానీ నువ్వు దిగకు. తోలు ఊడుతుంది."

"గిదేం శుభ్రం బిడ్డా!" అన్నది అవ్వ.

ల్యాబులో పరీక్షలు పూర్తయ్యాక పెద్ద సార్ రిపోర్టు చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. సూక్ష్మక్రిములు లేవు. ఉండే అవకాశం ఏ ప్రాణికీ లేదు. ఆక్సిజన్ మాత్రం పుష్కలం.

"ధర్మసాగర్ నుంచి మనకొచ్చే తాగునీళ్ల కంటే బాగున్నాయి కదయ్యా! మన దగ్గర ఇంత మంచి వాగుందని నాకు తెలియనే తెలియదు."

"సార్, అసలు నీళ్లలో పట్టేదాని కంటే ఎక్కువ ఆక్సిజన్ వచ్చింది. అట్లా ఉండదు."

"ఎక్కువుంటే నష్టమేంటి? దవాఖానల్లో జనం సిలిండర్లు పెట్టించుకుంటున్నారు."

చేపలు చచ్చిపోయాయని మాత్రం చెప్పాను. పెద్ద సార్ కలం మూత పెట్టి, ఇంకోసారి పోయి రమ్మన్నారు.

రెండోసారి ఎవరికీ చెప్పలేదు. డ్రైవర్‌కు కూడా కాజీపేట దాటాకే ఊరి పేరు చెప్పాను. అతను తలూపి, కొంచెం దూరం పోయాక డీజిల్ చూస్తానని జీపు ఆపి దిగాడు. డీజిల్‌తో అంతసేపు ఫోన్లో మాట్లాడే డ్రైవర్‌ను నేనెప్పుడూ చూడలేదు.

ఊరు చేరేసరికి సెక్రటరీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఎదురొచ్చాడు. మిల్లు గుమస్తా పైపు పక్కన నిలబడి ఉన్నాడు. పైపు లోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. అద్దంలా ఉన్నాయి.

డ్రైవర్ వైపు చూశాను.

"నేనెవ్వరికీ చెప్పలే సార్. గీ ఊళ్లె మా చిన్నమ్మ ఉంటది. ఆమెకొక్కదానికే చెప్పిన. అది గూడ కూర గురించి."

"మీ చిన్నాయన ఏం చేస్తాడు?"

"మిల్లుల హమాలీ సార్."

గుమస్తా నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "సూడుండ్రి సార్. మా మిల్లు నీళ్లు గిట్లుంటయ్." దోసిలి పట్టి పైపు నీళ్లు తాగి మీసం తుడుచుకున్నాడు.

"వడ్లు నానబెట్టిన నీళ్లు తాగుతున్నారా?"

"మంచిగుంటయ్ సార్."

నేనూ దోసిలి పట్టాను. చల్లగా ఉన్నాయి. బోరు నీళ్లు. మిల్లు వెనక బోరు మోటారు దడదడమని కొట్టుకోవడం వాగు దాకా వినిపిస్తోంది. ఒక కర్మాగారం తన మురికి పైపు గుండా మంచినీళ్లు పోయడం నా సర్వీసులో అదే మొదటిసారి. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

మడుగులో అడుగున ఇసుక కనిపిస్తోంది. అవ్వ ఆ వేళ కూడా ఒడ్డునే ఉంది. నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

"ఇయ్యాల మంచిగున్నయ్ బిడ్డా."

"ఎప్పటినుంచి?"

"ఇందాకటి నుంచే. మీ డ్రైవరు పిలగాని చిన్నమ్మ ఉరుక్కుంట మిల్లుకు పోయింది. జరసేపటికి నీళ్లు తెల్లగైనయ్. నువ్వు పోంగనే మల్ల గలీజయితయ్." నా చేతిలోని నీలం డబ్బాను మోచేత్తో పొడిచింది. "నువ్వు రోజు రారాదు బిడ్డా? నీ కాలు మంచిగున్నది."

వెనక్కి పోతూ జీపులో ఆ మాటే తిరగేశాను. మా ఆఫీసులో ఉన్న పుస్తకాలన్నింటిలో నీటిని శుద్ధి చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిలో ఏదీ ఇంత తక్కువ ఖర్చుతో అయ్యేది కాదు. నీళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసి బాప్తిస్మం ఇవ్వాలని పాస్టర్ గారు, నేను ఇన్నాళ్లూ అనుకుంటున్నాము. లెక్క తిరగేస్తే చాలు. నేను చూడటానికి పోయే రోజే బాప్తిస్మం పెట్టుకోవాలి.

పాస్టర్ గారికి చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు.

"ఇది మోసం కాదా సార్?"

"మేము నిజంగానే వస్తాం. నిజంగానే తనిఖీ చేస్తాం. నీళ్లు నిజంగానే శుభ్రంగా ఉంటాయి. ఇందులో అబద్ధం ఎక్కడుందో మీరే చూపించండి."

"చూపియ్య రాదు సార్" అన్నారు ఆయన చివరికి. "గని ఎక్కడనో ఉంది."

ఆదివారం తనిఖీ ఏమిటని పెద్ద సార్ అడిగారు. కాలుష్యానికి సెలవు లేదు కదా సార్ అన్నాను. ఆ మాట ఆయనకు నచ్చింది. తర్వాత మీటింగుల్లో తన మాటగా వాడుకున్నారు. పంచాయతీకి సమాచారం పంపి, సెక్రటరీకి విడిగా ఫోన్ చేశాను.

"ఈసారి బ్లీచింగ్ వాసన వచ్చిందా, రిపోర్టులో నీ పేరు రాస్తాను."

"మరేం చేయాలె సార్?" అన్నాడు దీనంగా. "ఆఫీసర్లు వస్తుంటే ఏదో ఒకటి చేయాలె గద."

"ముగ్గులు వేయించు."

వేయించాడు. ఆదివారం పొద్దున మేము పోయేసరికి వాగు ఒడ్డంతా ముగ్గులే. ఆ ముగ్గుల మధ్య జాగ్రత్తగా అడుగులేసుకుంటూ, పాటల పుస్తకాలు పట్టుకుని, తెల్లబట్టల్లో సంఘం వాళ్లు వస్తున్నారు. ఇదేమి ఏర్పాటని ఎవరూ అడగలేదు. సర్కారు వారి పద్ధతి అనుకున్నారు. దూరంగా వేపచెట్ల కింద పొయ్యి మీద బగారన్నం ఉడుకుతోంది. పైపు లోంచి బోరునీళ్లు పడుతున్నాయి. గుమస్తా మిల్లు గేటు దగ్గర్నుంచి నాకు నమస్కారం పెట్టాడు.

అవ్వ తెల్లచీర కట్టుకుని వచ్చింది. చీర కొత్తది, ఇంకా మడతలు పోలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి తీసుకుంటూ, మధ్యమధ్య ఆగుతూ నడిచింది. నా ముందు ఆగింది.

"అచ్చినవా బిడ్డా. ఇగ ఫికర్ లేదు."

ఆ మాట నాకు కొంచెం భారంగానే తగిలింది. మామూలుగా అధికారులు వస్తే జనానికి ఫికర్ మొదలవుతుంది. నేను రావడం వల్ల ఒకామె ఫికర్ పోయిందనడం ఉద్యోగంలో నేను విన్న మొదటి కితాబు. ఆ ఒక్కటీ తొందరపాటే.

పాస్టర్ గారు మడుగులోకి దిగి నడుము లోతులో నిలబడ్డారు. సంఘం పాట ఎత్తుకుంది. ఇద్దరు ఆడవాళ్లు అవ్వ రెక్కలు పట్టుకుని నీళ్ల అంచుకు తెచ్చారు. నేను ఒడ్డున డబ్బా తెరిచి సీసాలు సర్దుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే మా డ్రైవర్‌కు ఆకలైంది. చిన్నమ్మ ఇంటికి పోయి తిని వద్దామని, పాటకు అడ్డం రాకుండా, చప్పుడు చేయకుండా, జీపు తీసుకుని పోయాడు. ఎంతో మర్యాదగా.

జీపు పోవడం నేను చూడలేదు. మిల్లు వాచ్‌మన్ చూశాడు.

ముందు బోరు మోటారు చప్పుడు ఆగింది. పాట పెద్దగా వినిపించడం మొదలైంది కాబట్టి అందరూ సంతోషించారు. తర్వాత వాసన వచ్చింది. నేను తలెత్తేసరికి వంపు తిరిగి నురగ వస్తోంది, నురగ వెనక టీ రంగు నీళ్లు వస్తున్నాయి, తొందరేమీ లేకుండా, అది తమ వాగే అన్నట్టు.

"అవ్వను దించకండి!" అని అరిచాను.

ఆడవాళ్లు అవ్వను వెనక్కి లాగారు. ఆమె రాలేదు. పాదాలు ఇసుకలో పాతుకుని నిలబడింది. "నేను ఎనకకు రాను. ఇన్నేండ్లు ఎనకకే పోయిన. సైతాను నవ్వుతడు."

పాస్టర్ గారికి ఎటూ పోయే వీలు లేకపోయింది. నురగ వచ్చి ఆయన నడుము చుట్టూ తిరిగింది. తెల్లచొక్కా కింది సగం రంగు మారింది. ఆయన కళ్లు మూసుకుని పాట ఆపకుండా పాడారు. గొంతు మాత్రం ఒక మెట్టు పైకి పోయింది.

"అయ్యగారూ!" అని కేక పెట్టింది అవ్వ. "మీకు రెండోసారి అయితాంది!"

అలవాటు చెడ్డది. అంత గోలలోనూ నా చెయ్యి సీసా ముంచింది. రెండు మందులూ కలిపి మూత పెట్టి ఊపాను. సీసాలో మడ్డి తెల్లగా, చిక్కటి పాలలాగా కట్టింది.

"తెల్లగైనయ్ గద బిడ్డా" అన్నది అవ్వ ఆశగా. "మంచియేనా?"

ఒడ్డు మీద అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. నా చేతిలో సీసా అంతకన్నా తెల్లగా ఉంది. మా పనిలో తెలుపంటే ఆ నీళ్లలో ప్రాణం నిలబడేందుకు ఏమీ మిగల్లేదని. ఆ వాగు మూడు తనిఖీల్లో మొదటిసారి నిజం చెప్పింది.

"కాదవ్వా. జర ఇక్కడే ఉండు. నేను వస్తాను."

సీసా జేబులో పెట్టి, డబ్బా భుజాన వేసుకుని, గట్టు వెంబడి మిల్లు వైపు పరుగెత్తాను. పరుగు అని నేనంటున్నాను. చూసినవాళ్లు వేరే మాట వాడారు. గేటు ఇంకా చాలా దూరం ఉండగానే పైపు ధార సన్నబడింది, ఆగింది, మోటారు దడదడ మొదలైంది. నేను ఒక్క మాటా అనలేదు. అనే ఊపిరి కూడా లేదు.

గుమస్తా గేటు బయటికి వచ్చాడు. నా మొహం చూడలేదు. నా భుజం మీది డబ్బానే చూస్తున్నాడు.

"సార్... మీరు పోలేదా?"

"లేదు."

"జీపు పోయింది గదా?"

"జీపు పోయింది. నేను పోలేదు."

గుమస్తా వాచ్‌మన్ వైపు తిరిగాడు. "జీపును సూస్తవారా? డబ్బను సూడాలె గని!"

నేను అక్కడే గేటు ఎదురుగా గట్టు మీద డబ్బా పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. లేస్తే ఏమవుతుందో నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. కింద నుంచి పాటలు వినిపిస్తున్నాయి. ఒకటి అయిపోగానే ఇంకొకటి ఎత్తుకుంటున్నారు. టీ రంగు నీళ్లు దిగువకు జారిపోయి, వాటి వెనక బోరునీళ్లు వచ్చేదాకా తెలిసిన పాటలన్నీ పాడారు. అయిపోతే మొదటి నుంచి పాడారు. పైన నేను, ఎదురుగా గుమస్తా. మధ్యలో అతను టీ తెప్పించాడు. నేను వద్దన్నాను. రంగు చూసి.

కాబట్టి అవ్వ మునగడం నేను చూడలేదు. గట్టు మీద నుంచి చెట్ల సందున తెల్లగా ఏదో కిందికి పోవడం, తిరిగి పైకి రావడం మాత్రం కనిపించింది. ఆ తర్వాత ఆమె గొంతు పెద్దగా వినిపించింది. స్తోత్రం కాదు. "అబ్బ, సల్లగున్నయ్!" అన్నది.

మా డ్రైవర్ తిని, మూతి తుడుచుకుంటూ, నాకూ ఒక టిఫిన్ గిన్నెలో కోడికూర పట్టుకుని వచ్చాడు. "ఏమన్న అయిందా సార్?" అని అడిగాడు. ఏం కాలేదన్నాను.

ఆఫీసులో మూడు రిపోర్టులు పెద్ద సార్ బల్ల మీద పెట్టాను. మొదటి దాని ప్రకారం ఆ వాగు దవాఖానలకు ఆక్సిజన్ సరఫరా చేయగలదు. రెండో దాని ప్రకారం తాగొచ్చు. మూడో దాని ప్రకారం వాగు చచ్చిపోయింది. పెద్ద సార్ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"సగటు తీస్తే పాసయ్యా" అన్నారు.

"సార్, పాస్టర్ గారు నిలబడ్డది సగటులో కాదు."

పెద్ద సార్ ఆ రోజు ఒక మంచి పని చేశారు. మొదటి రెండూ సొరుగులో పెట్టి మూడో దాని మీద సంతకం పెట్టారు. మిల్లుకు నోటీసు పోయింది. వాళ్లు పెద్ద ఖర్చు పెట్టి, మురికి నీళ్లను శుద్ధి చేసే తొట్లు, మోటార్లు కట్టించారు. జీపు వచ్చినప్పుడు అవి చక్కగా నడిచేవి. ఇంతకుముందు ఆ తొట్లు లేవు కాబట్టి నడిచేవి కావు. ఇప్పుడు ఉండి నడవవు. మా రంగంలో దీన్ని పురోగతి అంటారు. నవ్వకండి, మీరూ ఒకరోజు అంటారు.

నేను రిటైరైనప్పుడు శాలువా కప్పి, ఏం కావాలో అడగమన్నారు. పాతబడి పనికిరాదని తీసేసిన సామాన్లలో మా నీలం డబ్బా ఉంది. మూతకు ఒక కొక్కెం లేదు. అది ఇప్పించమన్నాను. ఎందుకని పెద్ద సార్ అడిగితే, పెరుగన్నం పెట్టుకోవడానికన్నాను. అబద్ధం కాదు. పాస్టర్ గారు ఫోన్ చేసి "సార్, వచ్చే ఆదివారం ఒకరున్నరు" అన్నప్పుడల్లా, అందులో పెరుగన్నం, మామిడికాయ తొక్కు పెట్టుకుని, బస్సెక్కి పోయి, మిల్లు గేటు ఎదురుగా కూర్చునేవాణ్ని. నేను రిటైరైన సంగతి గుమస్తాకు తెలుసు. డబ్బా కూడా రిటైరైందని అతనికి ఎవరూ చెప్పలేదు.

అవ్వ ఇంకా ఉంది. ఏ రోజు ఏమైతదోనన్న డాక్టర్లలో ఒకాయన బదిలీ అయిపోయాడు గానీ, అవ్వ ఉంది. ఒకసారి నా పక్కన వచ్చి కూర్చుని డబ్బా మూత తీసి చూసింది.

"గిందుల బువ్వనా?"

"బువ్వే."

"దీన్ని సూసేనా ఆళ్లు భయపడేది?"

"అవునవ్వా."

ఆమె మూత పెట్టేసింది. "మోకాళ్లు గుంజంగ బస్సుల పడి నువ్వెందుకు బిడ్డా వచ్చుడు? డబ్బ నాకిచ్చి పో."

ఇచ్చేశాను. అట్లా ఆ వాగు మీద మా ఆఫీసుకున్న అధికారమంతా ఒక ఉదయం పూట ఆమెకు బదిలీ అయింది. ఇప్పుడామె రోజూ పొద్దున్నే డబ్బాలో మజ్జిగ చెంబు పెట్టుకుని పోయి గట్టు మీద కూర్చుంటుందట. ఆమె కూర్చున్నంతసేపూ తొట్ల మోటార్లు నడుస్తాయట. మడుగులో మళ్లీ చేపలు కనబడుతున్నాయని, అవి బోర్లానే ఈదుతున్నాయని సెక్రటరీ నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

పోయిన వారం పాస్టర్ గారు ఫోన్ చేశారు. గొంతులో ఏదో ఇబ్బంది.

"సార్, ఒక చిక్కొచ్చింది. మిల్లుకు కొత్త వాచ్‌మన్ వచ్చిండు. ఆనికి డబ్బ సంగతి ఎరుకలేదు. అవ్వ కూసోని ఉండంగనే పైపు ఇడిసిండు."

"మరి?"

"అవ్వ తిట్టింది సార్."

"ఏమని?"

"నేను చెప్పరాదు. తోటికోడలికి దాచిపెట్టుకున్నయన్నీ తిట్టిందట. గుమస్తా, వాచ్‌మన్, వాళ్ల సేటు దాక ఎవ్వర్నీ ఇడ్వలే. ఊరంత ఇన్నది. ఇప్పుడు మా ఇంటి ముంగట కూసోని ఏడుస్తాంది. మొదటిది పాడైందట, మల్ల ముంచుమంటాంది. ఒక్కసారే ఉంటదవ్వా అంటె ఇంటలేదు. మీకే రెండుసార్లు అయింది, నాకెందుకు కాదు అంటాంది."

నేను నవ్వు ఆపుకుని, అలవాటు చొప్పున అడగవలసింది అడిగాను.

"నీళ్లు ఎట్లా ఉన్నాయి?"

పాస్టర్ గారు, నిజం చెప్పడం తన వృత్తి కాబట్టి తప్పదన్నట్టు, చిన్నగా చెప్పారు.

"ఆమె తిట్టిన కాడికెల్లి రాత్రింబగళ్లు మస్తు శుభ్రంగ ఉన్నయ్ సార్."